అప్‌డేట్: పాడైన డిస్క్ స్లాట్ దొరికింది

ఒంగోలు ఆఫీసులో 24 డిస్కుల ఎన్‌క్లోజర్‌లో (సర్వర్ డిస్కులు పెట్టే పెట్టె) పాడైన డిస్క్ ఏ స్లాట్‌లో (అరలో) ఉందో తెలియట్లేదని పోయిన వారం అడిగాను కదా, దొరికిందండీ. డిస్క్ స్లాట్ లైటు వెలిగించే లినక్స్ కమాండ్ లెడ్‌సీటీఎల్ (ledctl)తో లైటు వెలగలేదు. మీలో ఒకరు చెప్పినట్టు డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌స్కసీ (lsscsi) కమాండ్‌తో ఆ డిస్క్ శాస్ అడ్రస్ (SAS కనెక్షన్‌లో డిస్క్‌ని గుర్తించే నంబరు) చూసి, ఎన్‌క్లోజర్‌తో మాట్లాడే ఎస్‌జీ సెస్ (sg_ses) కమాండ్ చూపించే స్లాట్ల జాబితాతో పోలిస్తే 7 అని తేలింది, కానీ మా పెట్టెలో లెక్క 0 నుంచి మొదలవుతుంది కాబట్టి అది నిజానికి ఎనిమిదోది. రెయిడ్ 5 కదా (ఒక్క డిస్క్ పోయినా డేటా నిలిచే అమరిక, రెండోది పోతే తట్టుకోదు), పక్కది లాగుంటే డేటా మొత్తం పోయే ప్రమాదం ఉండేది, అదే నా టెన్షన్. అదే ఎస్‌జీ సెస్‌తో ఆ స్లాట్‌ని గుర్తుపట్టేందుకు ఉండే ఐడెంట్ లైటు వెలిగించి, బయటికి తీశాక లేబుల్ మీది సీరియల్ నంబరు కూడా సరిచూసుకున్నాను. కొత్తది పెట్టాం, రీబిల్డ్ (మిగతా డిస్కుల నుంచి కొత్తదాని మీదికి డేటా తిరిగి రాయడం) నడుస్తోంది. సాయం చేసిన అందరికీ చాలా థ్యాంక్స్.