థియరీ భౌతిక శాస్త్రవేత్తను హెచ్-ఇండెక్స్ చూసి ఎంపిక చేయవచ్చా?

శూన్యబిందువు:
ఎంపిక కమిటీలో పనిచేసిన స్నేహితుడు చెప్పిన సంగతి. దరఖాస్తులు వందల్లో వస్తే ముందు హెచ్-ఇండెక్స్‌తో వడపోసి, మిగిలినవాళ్ల పేపర్లే తెరుస్తారట. కనీసం 20 సైటేషన్లు (వేరే పేపర్లలో ప్రస్తావనలు) ఉన్న పేపర్లు 20 ఉంటే హెచ్-ఇండెక్స్ 20. 2005లో దీన్ని ప్రతిపాదించిన జార్జ్ హిర్ష్ కూడా భౌతిక శాస్త్రవేత్తే. ప్రయోగాలు కాక గణితంతో పనిచేసే థియరీ వాళ్లకు ఈ వడపోత న్యాయమేనా?

సగంస్పిన్:
కాదు. హిగ్స్ కణం ఉంటుందని 1964లో చెప్పిన పీటర్ హిగ్స్ ఆ తర్వాత రాసిన పేపర్లు పది కూడా లేవు. ఇప్పటి పద్ధతిలో తనకు ఉద్యోగమే వచ్చేది కాదని 2013లో నోబెల్ అందుకోవడానికి వెళ్తూ ఆయనే అన్నారు. మూడే పేపర్లు రాసిన మనిషికి వేల సైటేషన్లు వచ్చినా హెచ్-ఇండెక్స్ 3 దాటదు.

లెక్కలమాస్టారు:
ఈ చర్చ ఎప్పుడొచ్చినా హిగ్స్ పేరే. ఆయన్ను అడ్డం పెట్టుకుని ఏళ్ల తరబడి ఏమీ రాయనివాళ్లు కూడా తప్పించుకుంటున్నారు. స్ట్రింగ్ థియరీలో మాల్డసీనా 1997లో రాసిన పేపరుకు 20 వేలకు పైగా సైటేషన్లున్నాయి. మంచి పని ఊరికే పోదు.

సగంస్పిన్:
థియరిస్టు స్టీవెన్ వైన్‌బర్గ్ 1967లో లెప్టాన్ల (ఎలక్ట్రాన్ లాంటి కణాలు) మీద రాసిన మూడు పేజీల పేపరును మొదటి నాలుగేళ్లు దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. అలాంటి సిద్ధాంతాల్లో లెక్కలు అనంతాలకు పోకుండా నిలుస్తాయని 1971లో మరో థియరిస్టు ట్ హూఫ్ట్ చూపించాకే సైటేషన్లు వచ్చిపడ్డాయి. 1979లో వైన్‌బర్గ్‌కు నోబెల్ వచ్చింది. 1970లో మీ లెక్క ప్రకారం దాని విలువ సున్నా.

లెక్కలమాస్టారు:
1970 నాటికి వైన్‌బర్గ్‌కు ఆ ఒక్క పేపరే ఉందా? పయాన్లనే కణాల మీద చేసిన పనితో అప్పటికే ఆయనకు పేరుంది. ఏ వడపోత పెట్టినా నెగ్గేవారు.

సగంస్పిన్:
నేను మాట్లాడుతున్నది పేపరు గురించి.

లెక్కలమాస్టారు:
ఉద్యోగం ఇచ్చేది మనిషికి.

కణతరంగం:
వైన్‌బర్గ్‌ను వదిలేయండి. 750 జీఈవీ సంగతి చూడండి.

సగంస్పిన్:
సరిగ్గా గుర్తుచేశారు. 2015 డిసెంబరులో, ప్రోటాన్లను ఢీకొట్టించే భారీ యంత్రం ఎల్‌హెచ్‌సీ డేటాలో, రెండు ఫోటాన్లను (కాంతి కణాలు) కలిపి లెక్కగట్టిన ద్రవ్యరాశి 750 జీఈవీ (కణాల ద్రవ్యరాశిని కొలిచే ప్రమాణం) దగ్గర, కొత్త కణం ఉందేమో అనిపించేలా చిన్న గుబ్బ కనిపించింది. ఎనిమిది నెలల్లో థియరీ పేపర్లు దాదాపు 500 వచ్చాయి. 2016 ఆగస్టులో, ఎక్కువ డేటా చేరాక ఆ గుబ్బే లేదని తేలింది. ఆ పేపర్లు ఒకదానికొకటి ఇచ్చుకున్న సైటేషన్లు మాత్రం అలాగే ఉన్నాయి.

అప్పుడు నేను కణాల చర్యలను మరింత కచ్చితంగా అంచనా వేసే ఒక రెండు-లూపుల లెక్కలో తలమునకలుగా ఉన్నాను. ఒక్క పదం గుర్తు తేడా వచ్చినా మొత్తం మళ్లీ మొదటికొచ్చే పని. పక్క గదిలో ఉన్నతను గుబ్బ మీద వరసగా పేపర్లు వేశాడు. తర్వాత ప్రమోషన్ కాగితంలో మా ఇద్దరి హెచ్-ఇండెక్స్‌లు పక్కపక్క గడుల్లో పెట్టారు. నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "మీది ఎందుకింత తక్కువ?" లెక్క గురించి ఒక్కరూ అడగలేదు.

లెక్కలమాస్టారు:
అతను చేసిన తప్పేమిటి? ఎల్‌హెచ్‌సీలోని అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలు రెండింటిలోనూ కనిపించిన సంకేతం అది. డేటా వస్తే స్పందించడం థియరిస్టు పని కాదా?

కణతరంగం:
హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద 2015లో ఆ రెండు బృందాలు కలిసి వేసిన పేపరుకు రచయితలు 5 వేలకు పైనే. అక్కడి సైటేషన్లనూ, ఒంటరిగా రాసేవాళ్ల సైటేషన్లనూ ఒకే గాటన కట్టేస్తున్నారు.

సగంస్పిన్:
అతన్ని నేను తప్పుపట్టలేదు. పేపరు చదివి అర్థం చేసుకునే ఓపిక లేనివాళ్లే అంకెలు పట్టుకుని వేలాడతారు. మీ వాదన చూస్తే మీరూ ఆ కోవలోనే ఉన్నారు.

లెక్కలమాస్టారు:
ఓపిక మాట ఎత్తారు కాబట్టి చెబుతాను. నేను దరఖాస్తు పెట్టిన ఒక చోట అంకెలు చూడం, నాణ్యతే చూస్తాం అన్నారు. చివరికి ఉద్యోగం వచ్చింది కమిటీలోని పెద్దాయన శిష్యుడికి. అతనికంటే నా సైటేషన్లు ఎక్కువ. కారణం అడిగితే "మీ పనిలో లోతు లేదు" అన్నారు. ఏ పేపరులో, ఏ పేజీలో లోతు తగ్గిందో చెప్పలేదు. నా గైడ్‌కు పేరు లేదు, నాకు సిఫార్సు ఉత్తరాలు రాసే పెద్దవాళ్లు లేరు. చేతిలో అంకె ఉంది కాబట్టే కనీసం నిలదీయగలిగాను.

సగంస్పిన్:
అయితే మీకు నమ్మకం లేనిది కమిటీల మీద. ఆ సంగతి మొదటే చెప్పి ఉంటే వైన్‌బర్గ్ దాకా వెళ్లేవాళ్లం కాదు.

లెక్కలమాస్టారు:
అంకె తీసేస్తే పెత్తనమంతా ఆ కమిటీలకే కదా!

శూన్యబిందువు:
దరఖాస్తుదారే తన ఉత్తమమైన అయిదు పేపర్లు ఇవ్వాలి. కమిటీ చదివి, కారణాలు రాతపూర్వకంగా అతనికే పంపాలి. ఇలా పెడితే ఇద్దరికీ సమ్మతమేనా?

లెక్కలమాస్టారు:
కారణాలకు జవాబిచ్చే హక్కు కూడా ఉండాలి. అది వచ్చేదాకా హెచ్-ఇండెక్స్ తీసేయడానికి నేను ఒప్పుకోను.

సగంస్పిన్:
అది వచ్చేదాకా వడపోత అలాగే ఉంటుందన్నమాట. మొదటి రౌండులోనే తీసి పక్కన పడేసిన దరఖాస్తుకు కారణాలు ఎవరు రాస్తారు? ముందు వడపోత పోవాలి. ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను.