అప్‌డేట్: మా బాబాయికి సర్టిఫికెట్ వచ్చిందండి

రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ల మోటార్లు రివైండింగ్ చేసే (కాలిపోయిన తీగచుట్టలు తీసి కొత్తవి చుట్టే) మా బాబాయికి, ఎనిమిదితో చదువు ఆపేసినా, పని అనుభవం మీద సర్టిఫికెట్ ఇస్తారా అని అడిగాను కదా. ఇచ్చారు! ఆర్‌పీఎల్ (రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్, అంటే ముందే వచ్చిన పనికి గుర్తింపు) అంటారు దీన్ని, 2015లో మొదలైన కేంద్ర నైపుణ్య శిక్షణ పథకం ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఒక భాగం. పని మళ్లీ మొదట్నుంచి నేర్పరు. కొద్దిపాటి ఓరియెంటేషన్ ఇచ్చి, వచ్చిన పనినే పరీక్షిస్తారు.

భీమవరం దగ్గర జరిగింది పరీక్ష. కాలిపోయిన మోటారు ఒకటి ముందు పెట్టారు. బాబాయి విప్పకుండానే షాఫ్ట్ చేత్తో తిప్పి, బేరింగ్ గరగర విని, "సీలు పోయి ఉప్పునీళ్లు లోపలికెళ్లాయండి. వైండింగ్ ఒక్కటే మారిస్తే నెల తిరక్కుండా మళ్లీ కాలిపోద్ది" అన్నాడు. విప్పితే అదే! స్లాట్లు లెక్కపెట్టి, తీగ గేజు కొలిచి ఆయన కాయిల్ చుడుతుంటే నాకు కళ్లు చెమర్చాయి.

మార్కులు పోయింది భద్రత దగ్గర. మెయిన్ ఆపాక టెస్టర్ పెట్టి చూడకుండా చెయ్యి వేశాడు. తడి గట్ల మీద పనిచేసేవాళ్లకి ఇది ప్రాణాల మీదికొచ్చే సంగతి, ఓరియెంటేషన్‌ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

ఇది టెన్త్‌కి సమానం కాదు. టెన్త్ అడిగే ఉద్యోగాలకి ఓపెన్ స్కూల్లో రాసుకోవాల్సిందే. ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి, మాకు ఆలస్యమంతా అక్కడే అయింది.

బాబాయి దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లిద్దరు తర్వాతి బ్యాచ్‌కి పేర్లిచ్చారు.