నోటరీ కావాలంటే పదేళ్ల ప్రాక్టీస్ ఉండాల్సిందేనా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఖమ్మం కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నాను. ఎన్‌రోల్ అయ్యి ఎనిమిదేళ్లు దాటింది. నోటరీకి అప్లై చేద్దామంటే, పదేళ్లు నిండందే కుదరదని మా సీనియర్ గారు అన్నారు. మాది ఓసీ. ఇంకా ఆగాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు మేడమ్. 1956 నోటరీల నిబంధనల్లో 3వది చూడండి. పదేళ్లు అన్నది సాధారణ నియమం. మహిళలకు ఏడేళ్లు చాలు, ఏ కులమైనా సరే. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అడ్వకేట్లకూ ఏడేళ్లే. ఈ సడలింపు తెలియక అర్హత ఉన్నవాళ్లు ఊరికే ఆగిపోతుంటే బాధేస్తుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. దరఖాస్తు పెట్టే రోజుకే ఆ ఏళ్లు నిండి ఉండాలి. వచ్చే నెలలో నిండుతాయంటే ఒప్పుకోరు.

మరో ప్రశ్న: నేను ఎల్‌ఎల్‌బీ చేసి ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నానండి. రిటైరయ్యాక వీలవుతుందా?

జవాబు: ఎల్‌ఎల్‌బీ ఒక్కటే ఉంటే సరిపోదు సార్. అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయిన తర్వాత, చట్టంలో ప్రత్యేక పరిజ్ఞానం అవసరమయ్యే ప్రభుత్వ పదవిలో పదేళ్లు చేసి ఉండాలి. మామూలు గుమాస్తా సర్వీసు లెక్కలోకి రాదు. జడ్జీలుగా పదేళ్లు చేసినవాళ్లకు అర్హత ఉంది.

మొదటి ప్రశ్న అడిగిన మేడమ్‌కి ఇంకో మాట. అర్హత ఉన్నంత మాత్రాన పోస్టు వచ్చేసినట్టు కాదు. మీరు ఆ ప్రాంతంలోనే ఉంటున్నారా, అక్కడ ఇప్పటికే ఎంతమంది నోటరీలున్నారు, వ్యాపారపరంగా ఆ ఊరికి ఇంకొకరు అవసరమా, మీ ప్రాక్టీస్ ఎలా ఉంది, ఇవన్నీ చూస్తారు. ఎవరైనా అభ్యంతరం చెప్తే అదీ పరిశీలిస్తారు. అందుకే బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, నివాస ధ్రువీకరణ ముందే సర్ది పెట్టుకోండి. సర్టిఫికెట్ మీద పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లకు అక్కడే టెన్షన్ మొదలవుతుంది.

రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తే ఆ రాష్ట్రంలోనే పని చేయాలి. కేంద్రం నియమిస్తే దేశమంతటికీ ఇవ్వొచ్చు, కొంత ప్రాంతానికే పరిమితం చేయొచ్చు. ప్రాక్టీస్ సర్టిఫికెట్ ఐదేళ్లకు ఇస్తారు, ఆ తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి.

ప్రశ్న: చాలా థాంక్స్ సార్. ఓత్ కమిషనర్ అన్నా ఇదేనా?

జవాబు: కాదు మేడమ్. ఇద్దరూ అఫిడవిట్ ఇచ్చే మనిషితో ప్రమాణం చేయిస్తారు. నోటరీని 1952 చట్టం కింద ప్రభుత్వం నియమిస్తుంది. కోర్టులో వేసే అఫిడవిట్ల కోసం సివిల్ ప్రొసీజర్ కోడ్ 139వ సెక్షన్ కింద హైకోర్టు వేరుగా అధికారులను నియమించుకోవచ్చు, ఓత్ కమిషనర్లు అనేది వాళ్లనే. మీరు పెట్టాల్సింది నోటరీ దరఖాస్తు, ఫారం 1.