తుఫానులో ఓడ ఎంత ఒరుగుతుందో కంప్యూటర్ చెబితే చాలదా?

బెంజిసర్కిల్ కుర్రాడు: మా ప్రాజెక్టులో ఓడ ఊగడాన్ని కంప్యూటర్లో మోడల్ చేస్తున్నాం. (బెజవాడలో సముద్రమెక్కడుందిరా అని మావాళ్లు ఒకటే నవ్వు.) నేననేది, ఇక చిన్న నమూనా ఓడ చేసి, అలలు పుట్టించే ట్యాంకులో తేల్చే ఖర్చు దండగ. 1998 అక్టోబరులో ఏపీఎల్ చైనా అనే కంటెయినర్ ఓడ ఉత్తర పసిఫిక్‌లో 35–40 డిగ్రీలు ఒరిగింది. ఆ ఊపుని తర్వాత కంప్యూటర్లో మళ్లీ రప్పించారు. ఇంకేం కావాలి?

అరండల్‌పేట మెరైనర్: సగమే చెప్పావు బాబూ. ట్యాంకులో నమూనాతోనూ రప్పించారు. ఎదురు అలల్లో ఓడ ముందూ వెనకా లేచిపడుతుంది గాని పక్కకి అంత ఊగదనుకునేవాళ్లం. కానీ అల పొడవు ఓడ పొడవుకి దగ్గరగా ఉండి, ఓడ అటూ ఇటూ ఒకసారి ఊగేలోపు రెండు అలలు దాటితే ఊపు పెరుగుతూ పోతుంది. అల శిఖరం ఓడ నడుముకొచ్చినప్పుడు నిటారుగా నిలబెట్టే బలం తగ్గుతుంది, పల్లం వచ్చినప్పుడు పెరుగుతుంది. ఇంతవరకు మీ ప్రోగ్రాం లెక్క బానే కడుతుంది. ఊపు ఎక్కడ ఆగుతుందన్నదే పేచీ. దాన్ని ఆపేవాటిలో ముఖ్యం బిల్జ్ కీల్ (ఓడ అడుగు పక్కల్లో పొడవునా ఉండే రెక్క) దగ్గర లేచే సుడులు. పొటెన్షియల్ ఫ్లో లెక్కల్లో, అంటే నీటికి జిగట లేదనుకుని కట్టేవాటిలో, సుడులుండవు. మరి డ్యాంపింగ్ (ఊపుని అణిచే గుణం) అంకె ఎక్కణ్ణుంచి తెచ్చావు?

బెంజిసర్కిల్ కుర్రాడు: ఇకెడా పద్ధతి సార్, డ్యాంపింగ్‌ని సూత్రాలతో అంచనా కట్టేది.

అరండల్‌పేట మెరైనర్: అదీ నమూనా పరీక్షల మీద కట్టిందేగా!

కృష్ణలంక: నాకీ లెక్కలు తెలీవు గాని, 2017లో కృష్ణానదిలో, ఫెర్రీ దగ్గరి పవిత్ర సంగమంలో పడవ తిరగబడింది జనాన్ని కుక్కినందుకే కదన్నా? దానికే కంప్యూటర్ కావాలి?

అరండల్‌పేట మెరైనర్: అక్కడ అలల గొడవ లేదు తమ్ముడూ. బరువు మాట మాత్రం నిజం. కంటెయినర్లు తూచాకే ఎక్కించాలన్న సోలాస్ (ఓడల భద్రతకి అంతర్జాతీయ ఒప్పందం) రూలు 2016 జులై 1న గాని రాలేదు. అంతకుముందు కాగితం మీద రాసిందే బరువు. పైవరసల్లో బరువులు పడితే జీఎం (ఓడ నిలకడకి కొలత) తగ్గుతుంది, ఊగే టైము మారుతుంది, దాంతో ఏ వేగంలో ఆ అల పట్టుకుంటుందో అదీ మారుతుంది.

పటమట సీఎఫ్‌డీ: సుడులు సీఎఫ్‌డీలో, అంటే నీటి ప్రవాహాన్ని జిగటతో సహా కంప్యూటర్లో లెక్కగట్టే పద్ధతిలో, వస్తాయండీ. కాకపోతే ఒక్క కేసుకే రోజులు పడుతుంది. అందుకే నిశ్చల నీళ్లలో ఓడని ఒరగబెట్టి వదిలేసినట్టు సీఎఫ్‌డీ చేసి, వచ్చిన డ్యాంపింగ్‌ని చిన్న ప్రోగ్రాంలో వేసుకుంటాం. ఐఎంఓ (అంతర్జాతీయ నౌకాయాన సంస్థ) 2020 మార్గదర్శకాలు కంప్యూటర్ అంచనాని ఒప్పుకుంటాయి, కానీ ప్రోగ్రాం సరైందని ముందు నిరూపించమంటాయి.

బెంజిసర్కిల్ కుర్రాడు: అంటే ట్యాంకు ఒక్కసారి చాలు, మిగతా వేల కేసులూ కంప్యూటరే. నా మాట ముప్పాతిక వంతు నిలిచినట్టేగా సార్?

అరండల్‌పేట మెరైనర్: డ్యాంపింగ్‌ని ఇరవై శాతం తగ్గించి ఒకసారి రన్ చెయ్. ఎన్ని డిగ్రీలొచ్చిందో, జీఎం ఎంత పెట్టావో ఇక్కడ రాయి. వంతుల సంగతి అప్పుడు చూద్దాం.