మెయిన్‌ఫ్రేమ్ ఐపీఎల్ తర్వాత సాఫ్ట్‌వేర్ లేవలేదు: ఇంకో ఐపీఎలా, ముందు కారణమా?

కర్నూల్_జెడ్‌ఓఎస్:
నిన్న ఆదివారం షిఫ్టులో జరిగింది ఇంకా మనసులో నుంచి పోవడం లేదు. నేను కర్నూలులో ఇంటి నుంచే పని చేస్తాను. క్లయింట్ అమెరికా తూర్పు తీరంలో. వాళ్ళకు తెల్లవారుజామున 2 గంటలంటే ఈ కాలంలో మనకు పొద్దున 11:30. మూడు నెలలకోసారి ఐపీఎల్ ఆ టైమ్‌కే. కొత్తవాళ్ళ కోసం చెబుతున్నా, ఐపీఎల్ అంటే ఇనీషియల్ ప్రోగ్రామ్ లోడ్, మెయిన్‌ఫ్రేమ్‌ను (బ్యాంకుల్లాంటి చోట్ల వాడే పెద్ద కంప్యూటర్‌ను) దించి మొదటి నుంచి లేపడం.

జాబులు నడిపే జెస్2 వచ్చింది, నెట్‌వర్క్ చూసే వీట్యామ్ వచ్చింది, డేటాబేస్ డీబీ2 వచ్చింది. రిపోర్టులు పంపిణీ చేసే ప్రోడక్ట్ మాత్రం స్టార్ట్ కాగానే ఎస్047 అబెండ్‌తో (ప్రోగ్రామ్ అర్ధంతరంగా ఆగినప్పుడు వచ్చే కోడ్) పడిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ అదే. కాల్‌లో ఉన్న పెద్దాయన "పాత సిస్‌రెస్ మీద ఇంకో ఐపీఎల్ చేయండి" అన్నారు. సిస్‌రెస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే డిస్క్, పాతదంటే కొత్త మార్పులకు ముందటిది. పది నిమిషాలు ఇవ్వండి, చూస్తానన్నా. ఇవ్వలేదు. రెండో ఐపీఎల్‌కు 50 నిమిషాలు పోయాయి. లేచాక చూస్తే మళ్ళీ ఎస్047. అమ్మ పెట్టిన ఉగ్గాని ప్లేటులోనే ఎండిపోయింది.

కోడ్ ఏం చెబుతుందో చదవకుండా సిస్టమ్‌ను దించడం తప్పని నా అభిప్రాయం. మీరేమంటారు?

అనంత_ఆపరేటర్:
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ ఆయన కుర్చీలో కూర్చుని కూడా ఆలోచించు. "పది నిమిషాలు" అని మొదలుపెట్టి విండో (సిస్టమ్ ఆపుకోవడానికి ఇచ్చిన టైమ్) మొత్తం తినేసినవాళ్ళను చాలామందిని చూశా. రెండు గంటల విండోలో గంటన్నర గడిచాక వెనక్కి పోదామన్నా టైమ్ ఉండదు. కొత్త మెయింటెనెన్స్ ఎక్కించిన రోజు ఏది తేడా చేసినా ముందు అనుమానం దాని మీదే. పాత సిస్‌రెస్ పక్కన పెట్టుకునేది అందుకే కదా. కారణం సోమవారం టెస్ట్ ఎల్‌పార్‌లో (పరీక్షలకు వేరుగా పెట్టిన సిస్టమ్‌లో) నిదానంగా వెతుక్కోవచ్చు. బ్యాచ్ (వరసగా వాటంతటవే నడిచే జాబులు) ఆగితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయన.

కడప_సిస్‌ప్రోగ్:
అన్నా, విండో లెక్క సరే. కానీ ఎస్047 ఎందుకొచ్చిందో తెలియని జ్వరం లాంటిది కాదు. అధికారం లేని ప్రోగ్రామ్, అధికారం ఉన్నవాటికి మాత్రమే చెల్లే ఎస్‌వీసీని (ఆపరేటింగ్ సిస్టమ్ సేవను) పిలిచిందని అది సూటిగా చెబుతోంది. అలాంటప్పుడు మొదట చూడాల్సింది ఏపీఎఫ్ జాబితా, అంటే ఏ లైబ్రరీల్లోని ప్రోగ్రాములకు ఆ అధికారం ఉండొచ్చో చెప్పే జాబితా.

మన దగ్గర బోరు మోటారు ట్రిప్ అయితే ఏం చేస్తాం? స్టార్టర్ పచ్చ బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కితే వైండింగ్ కాలిపోతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముందు మూడు ఫేజులూ వస్తున్నాయా అని చూస్తాం.

నిన్నటిదాకా నడిచింది, ఐపీఎల్ తర్వాత నడవలేదు. మరి మెమరీలో మాత్రమే ఉండి పార్మ్‌లిబ్‌లో (సిస్టమ్ లేచేటప్పుడు చదివే సెట్టింగుల్లో) లేనిది ఏది? ఎవరో కన్సోల్‌లో సెట్‌ప్రాగ్ కమాండ్‌తో ఆ ప్రోడక్ట్ లైబ్రరీని ఏపీఎఫ్‌లో చేర్చి ఉంటారు. ఆ చేర్పు సిస్టమ్ దిగేదాకానే. పార్మ్‌లిబ్‌లోని ప్రాగ్ మెంబర్‌లో రాయకపోతే తర్వాతి ఐపీఎల్‌కు ఉండదు. లింక్‌లిస్ట్‌కూ (ప్రోగ్రాముల కోసం సిస్టమ్ వెతికే లైబ్రరీల వరసకూ) ఇంతే, అక్కడైతే మాడ్యూల్ దొరకలేదని ఎస్806 వస్తుంది. పాత సిస్‌రెస్ మీద లేపినా చదివేది అదే పార్మ్‌లిబ్ అయితే ఫలితం ఎలా మారుతుంది?

ఇంకో మోసం వాల్యూమ్ (డిస్క్) దగ్గర ఉంటుంది. ఎస్ఎంఎస్ (స్టోరేజ్‌ను సిస్టమే చూసుకునే పద్ధతి) కింద లేని డేటాసెట్ (ఫైల్) అయితే ఏపీఎఫ్ ఎంట్రీలో పేరుతో పాటు వాల్యూమ్ కూడా ఉంటుంది. స్టోరేజ్ వాళ్ళు లైబ్రరీని ఇంకో వాల్యూమ్‌కు జరిపితే జాబితాలో పేరు కనిపిస్తూనే ఉంటుంది, అధికారం మాత్రం ఉండదు. పేరు చూసి "ఉంది కదా" అనుకోకుండా పక్కనున్న వాల్యూమ్ పేరులోని ఆరు అక్షరాలనూ ఒక్కొక్కటిగా పోల్చాలి. స్టెప్‌లిబ్ (ఆ జాబ్ తన ప్రోగ్రాముల కోసం ముందు వెతికే లైబ్రరీలు) వరసలో ఒక్క లైబ్రరీకి ఏపీఎఫ్ లేకపోయినా మొత్తం వరసకే అధికారం పోతుంది. ఇవన్నీ చూడటానికి నిజంగానే పది నిమిషాలు చాలు.

వెనక్కి పోవడం ఎప్పుడూ క్షేమమని కూడా అనుకోవద్దు. 2012 జూన్‌లో బ్రిటన్‌లో ఆర్‌బీఎస్ బ్యాంకుల గ్రూప్ బ్యాచ్ షెడ్యూలర్ అప్‌గ్రేడ్‌లో తేడా వస్తే, తీసేస్తే ఏమవుతుందో పరీక్షించకుండానే దాన్ని తీసేశారు. పాత వెర్షన్‌తో పొసగలేదు. ఆ గ్రూప్‌లోని నాట్‌వెస్ట్, అల్‌స్టర్ బ్యాంక్ ఖాతాదారులు రోజుల తరబడి అవస్థ పడ్డారు. 2014లో రెగ్యులేటర్లు 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశారు.

అనంత_ఆపరేటర్:
అది షెడ్యూలర్ గొడవ, ఇది ఐపీఎల్. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. బోరు మాట మాత్రం ఒప్పుకుంటా, మా నాన్న ఒక మోటారు అలాగే పోగొట్టుకున్నాడు. కానీ అన్నీ ఎస్047 లాగా పేరు చెప్పుకుని రావు. మెసేజ్ కూడా ఇవ్వకుండా హ్యాంగ్ అయిన రోజు ఏం చేస్తారు? ఆ ఒక్క టాస్క్‌నే దించి లేపుతూ ఉంటే దానికీ ఖర్చుంది. క్రాస్ మెమరీ (వేరే ప్రోగ్రాముల మెమరీతో నేరుగా పని చేయడం) వాడే ప్రోడక్ట్ అయితే దించినప్పుడల్లా ఒక ఏఎస్ఐడీ (నడిచే ప్రతి పనికీ సిస్టమ్ ఇచ్చే నంబర్) మళ్ళీ వాడటానికి రాకుండా పోవచ్చు. అవి అయిపోతే చివరికి ఐపీఎలే దిక్కు.

కడప_సిస్‌ప్రోగ్:
హ్యాంగ్ అయితే ముందు కన్సోల్ నుంచి డంప్ (అప్పటి మెమరీ కాపీ) తీయండి, తర్వాత దించండి, నేను అడ్డం చెప్పను. దించాక ఏం జరిగిందో నమోదై ఉండే మెమరీలోని ట్రేస్ టేబుళ్ళు పోతాయి. రేపు వెండర్ డంప్ అడిగితే మన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు, అదే సమస్య ఇంకో ఆదివారం మళ్ళీ వస్తుంది.

కర్నూల్_జెడ్‌ఓఎస్:
అసలు సంగతి చెప్పలేదు కదా. రెండో ఐపీఎల్ కూడా అలాగే పోయాక నన్ను చూడనిచ్చారు. ఏడు వారాల కిందటి సిస్‌లాగ్‌లో (కన్సోల్ మెసేజ్‌ల రికార్డులో) దొరికింది. ప్యాచ్ వేసిన రాత్రి కొత్త లైబ్రరీని సెట్‌ప్రాగ్‌తో చేర్చారు. చేంజ్ టికెట్‌లో "పార్మ్‌లిబ్ తర్వాత అప్‌డేట్ చేయాలి" అని రాసి ఉంది. ఎవరూ చేయలేదు. అదే కమాండ్ మళ్ళీ కొట్టగానే ప్రోడక్ట్ లేచింది. ఈసారి ప్రాగ్ మెంబర్‌లో రాసి, ఇంకొకరితో చూపించుకున్నాకే కాల్ వదిలా.

అన్నా, టైమ్‌కు హద్దు ఉండాలన్న మీ మాట నాకూ సరే. ఐపీఎల్‌కు ముందే రాసుకుందాం: 20 నిమిషాలు, ఆ 20 నిమిషాల్లో ఏమేం చూడాలో కూడా అదే కాగితం మీద.

అనంత_ఆపరేటర్:
20 ఎక్కువ, 15 ఇస్తా. అయితే ఒకటి, ఐపీఎల్‌కు దించే ముందు ఏపీఎఫ్, లింక్‌లిస్ట్ డిస్‌ప్లే తీసి దాచి, లేచాక దాంతో పోల్చే పని మాకు ఇవ్వండి. ప్రోడక్టులు స్టార్ట్ చేసేలోపే తేడా మీ చేతిలో పెడతాం.