దేవమాలికి నడిచి వెళ్లాలంటే ఆగస్టా, డిసెంబరా?

సునాబెడ కుర్రాడు:
మేం నలుగురం ఒక్క రోజులో దేవమాలి ఎక్కి దిగాలనుకుంటున్నాం. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ, 1672 మీటర్లు. పైదాకా రోడ్డు ఉందని తెలుసు, కానీ మాకు గడ్డి మీదుగా నడవాలని ఉంది. పోను ఎనిమిది కిలోమీటర్లు లెక్కేసుకున్నాం. ఇద్దరు ఆగస్టు అంటున్నారు, ఇద్దరు డిసెంబరు అంటున్నారు. మా అమ్మకి ఏ నెలైనా టెన్షనే. మీరేమంటారు?

పొట్టంగి కోడలు:
ఆగస్టే. కొండంతా పచ్చటి దుప్పటి కప్పినట్టుంటుంది, మబ్బులు కాళ్ల కిందుగా పోతాయి. డిసెంబరుకి గడ్డి ఎండిపోతుంది, రోడ్డు నిండా కార్లు. పైగా డిసెంబరులో సాయంత్రం అయిదున్నర లోపే పొద్దు గూకుతుంది. ఆగస్టులో ఆరు దాటినా వెలుతురుంటుంది. నడిచేవాళ్లకి ఆ గంట చిన్నదేం కాదు.

జయపురం మాస్టారు:
తమ్ముడూ, డిసెంబరే. అమ్మాయి చెప్పిన వెలుతురు మాట నిజమే, కాదనను. కానీ ఆగస్టులో ఆ వెలుతురు మనకి దొరకదు, మబ్బు మింగేస్తుంది.

అడవిలో అయితే చెట్టో బండో గుర్తు పెట్టుకుంటాం. గడ్డి కొండ మీద ఏ గుర్తూ ఉండదు. నేను ఒకసారి ఆగస్టులో వెళ్లాను. ఎక్కేటప్పుడు అంతా కనబడింది. దిగడం మొదలెట్టిన పావుగంటకి మబ్బు కమ్మేసింది, పది అడుగుల అవతల ఉన్న స్నేహితుడు కనబడలేదు. కాళ్ల కింద సన్నటి బాట ఉంటే అదే దారనుకుని పట్టుకున్నాం. అది పశువులు నడిచిన జాడ. అలాంటి జాడలు కొండ చుట్టూ అడ్డంగా తిరుగుతాయే తప్ప ఊరికి చేర్చవు. ఎడమ పక్క వినబడాల్సిన వాగు కుడి పక్క వినబడుతుంటే నాకు గుండె జారింది. అప్పుడు పై నుంచి చెక్క గంట టకటకమంది. ఆవుల వెనకాల తాటాకు గొడుగుతో ఒక ముసలాయన వచ్చాడు. మమ్మల్ని చూసి మాట్లాడకుండా వెనక్కి వేలు చూపించి, తనే ముందు నడిచాడు. మేం పూర్తిగా వేరే వాలు దిగిపోతున్నాం.

తడి గడ్డి దిగేటప్పుడు జారుతుంది, ఇంకోటి అది.

లెక్క ఇలా వేసుకో. చదునుగా అయితే గంటకి అయిదు కిలోమీటర్లు, ఎత్తు ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఈ సూత్రం స్కాట్లండ్‌లో నైస్మిత్ అనే ఆయన 1892లో చెప్పింది, అక్కడివీ ఇలాంటి గడ్డి కొండలే. మన కోరాపుట్ పీఠభూమి 900 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే ఎక్కాల్సింది 770 దాకా. ఎనిమిది కిలోమీటర్లతో కలిపితే ఎక్కడానికే మూడు గంటలు. ఆగి నీళ్లు తాగే సమయం ఇందులో లేదు. ఏడింటికి బయల్దేరండి. పన్నెండు కొట్టేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరగండి, శిఖరం వంద అడుగుల్లో కనబడుతున్నా సరే.

విశాఖ నడకరి:
మాస్టారూ, ఇప్పుడు సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది. మ్యాప్ ముందే దింపుకుంటే మబ్బుకి భయమెందుకు?

జయపురం మాస్టారు:
దింపుకోండి, మంచిదే. కానీ మనం ఎక్కడున్నామో ఫోన్ చెబుతుంది, ముందున్న గడ్డి కింద గొయ్యి ఉందో లేదో చెప్పదు. తడిసిన వేళ్లతో స్క్రీన్ కూడా సరిగా పలకదు. పైన కిందకన్నా నాలుగైదు డిగ్రీల చలి, తడి బట్టలకి గాలి తోడైతే వణుకు పట్టుకుంటుంది.

పిడుగు సంగతీ చూడాలి. బోడి గడ్డి మీద నిలబడితే అక్కడ అన్నిటికన్నా ఎత్తైనది మనమే. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, వెంటనే శిఖరం దిగిపోవాలి. పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఇంటి దగ్గరే చూసుకుని వెళ్లండి.

పొట్టంగి కోడలు:
పిడుగు మాట ఒప్పుకుంటాను. అయినా ఆ పచ్చదనం చూడకుండా దేవమాలి చూశామంటే నా మనసు ఒప్పుకోదు. ఆగస్టులో అయితే రోడ్డు వదలకుండా నడవండి. ఏ నెలైనా కింద ఊళ్లో ఒక మాట చెప్పి, దారి చూపించే మనిషిని అడిగి, ఆయన కూలి ముందే మాట్లాడుకోండి. చోడి (రాగి) చేలల్లోంచి అడ్డంగా పోవద్దు, ఒక్కో మడి వెనకాల వాళ్ల ఏడాది తిండి ఉంది.

సునాబెడ కుర్రాడు:
డిసెంబరు మొదటి వారం, మామూలు రోజున వెళ్తున్నాం. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఒక స్వెట్టరు, రెండు టార్చిలైట్లు. ఊళ్లో మనిషి కోసం ముందు ఆదివారమే వెళ్లి అడిగొస్తాం. టైములన్నీ కాగితం మీద రాసి అమ్మకిచ్చాను. పన్నెండు అన్న చోట కింద రెండు గీతలు గీసి ఫ్రిజ్ మీద అంటించింది.