హేచరీలో పాత పీసీనే రౌటర్ చేశా: పింగ్ పోతోంది, పేజీలు రావడం లేదు

కావలి_కుర్రాడు:
అన్నలూ, మా రొయ్యల హేచరీ సముద్రం పక్కన, ఆఫీసు కావలిలో. హేచరీలో పాత పీసీకి మూడు లాన్ కార్డులు వేసి ఫ్రీబీఎస్‌డీ (యూనిక్స్ రకం ఓఎస్) ఎక్కించా. ఒకటి ఫైబర్‌కి, అది పోతే 4జీకి ఒకటి, మూడోది లోపలి స్విచ్‌కి. ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి ప్యాకెట్లు దాటించే ఫార్వర్డింగ్ ఆన్‌లోనే ఉంది, పింగ్ (అవతలివాడు పలుకుతాడా అని పంపే చిన్న ప్యాకెట్) బాగా పోతోంది. బ్యాంకు పేజీ మాత్రం సగంలో ఆగిపోతుంది. ఫైబర్ పోయినా 4జీకి మారడం లేదు. కరెంటు పోయినప్పుడు డిస్క్ సంగతి కూడా చెప్పండి.

చీమకుర్తి_రాయి:
ముందు ఆ పీసీ తీసెయ్. 60 వాట్లు లాగితే నెలకి 43 యూనిట్లు. మా క్వారీలో చిన్న రౌటర్ డబ్బా పెట్టాం, రెండేళ్లుగా దాన్ని ముట్టుకున్నది లేదు.

ఒంగోలు_పాతకాపు:
యూనిట్లు లెక్కేసేవాళ్లు ఒక రోజు లైను లేకపోతే పోయే డబ్బు కూడా లెక్కెయ్యాలి. 1998లో 64 కిలోబిట్ల లీజు లైన్‌కి పీసీలోనే సింక్ కార్డు గుచ్చి, మోడెమ్‌కి వీ.35 కేబుల్ వేసి, గ్రానైట్ ఆఫీసు మొత్తం యూనిక్స్ మీద నడిపినవాణ్ణి నేను. వచ్చేపోయే ప్యాకెట్లు చూపించే టీసీపీడంప్ పెడితే ఏ ప్యాకెట్ ఎక్కడ ఆగిందో కళ్లముందే ఉంటుంది. నీ డబ్బాలో ఏం కనపడుతుంది?

చీమకుర్తి_రాయి:
1998 సంగతి ఇప్పుడెందుకు సార్? మా డబ్బాలో నడిచేదీ లినక్సే, టీసీపీడంప్ దాంట్లోనూ ఉంది. 10 వాట్లతో అయ్యే పనికి 60 ఎందుకంటున్నా, అంతే.

ఒంగోలు_పాతకాపు:
కార్డు పోతే నీ డబ్బా మొత్తం మార్చాలి. పీసీలో అయితే కార్డు ఒక్కటే మారుస్తా, పది నిమిషాల పని. వాదించే ముందు చేసి చూడు.

నెల్లూరు_నెట్:
ఇద్దరూ ఆపండి, ఆ అబ్బాయి అడిగిందేంది, మీరు మాట్లాడేదేంది! తమ్ముడూ, ఫైబర్‌కి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొడుతున్నావా? అయితే అది పీపీపీఓఈ, అంటే లాగిన్‌తో నడిచే లైను. ప్యాకెట్‌లో పట్టే 1500లో 8 బైట్లు దానికే పోతాయి, మిగిలేది 1492. పింగ్ చిన్నది కాబట్టి దూరిపోతుంది, పెద్ద ప్యాకెట్ ఆగుతుంది, సైజు తగ్గించమనే కబురేమో మధ్యలో ఏదో ఫైర్‌వాల్ మింగేసి సర్వర్ దాకా పోనివ్వదు. ముక్కలు చెయ్యొద్దని పెట్టి రౌటర్ నుంచే 1464తో (హెడర్ల 28 కలిపితే 1492) పింగ్ కొట్టు, పోవాలి. 1465 పోకూడదు. అట్టా వస్తే పీఎఫ్‌లో (ఫ్రీబీఎస్‌డీ ఫైర్‌వాల్) మ్యాక్స్ ఎంఎస్ఎస్, అంటే ఒక ప్యాకెట్‌లో పోయే డేటా హద్దు, 1452 పెట్టు (1492లో హెడర్లకి 40 పోను). ఇది తెలియక మూడు రాత్రులు నిద్ర లేదు నాకు.

కొత్తపట్నం_చెరువు:
కార్డు లైటు చూసి లైను ఉందనుకోవద్దు. ఫైబర్ తెగేది ఎక్కడో రోడ్డు పక్కన, మన లైటు పచ్చగానే వెలుగుతుంటుంది. ఆ లైను గుండానే బయటి అడ్రసుకి పింగ్ కొట్టే స్క్రిప్ట్ పెట్టు, వరసగా నాలుగుసార్లు జవాబు రాకపోతే డిఫాల్ట్ రూట్ (బయటికి పోయే దారి) 4జీకి మార్చాలి. మార్చగానే పీఎఫ్‌లో పాత స్టేట్లు (నడుస్తున్న కనెక్షన్ల గుర్తులు) తుడిచెయ్, లేకపోతే పాత కనెక్షన్లు చచ్చిన లైన్నే పట్టుకుని ఉంటాయి. నేను తుడవలేదు. చెరువులో గాలి ఆడించే ఏరేటర్లు ఆగిన అలారం రాత్రి నా ఫోన్‌కి రాలేదు, తెల్లారి చూస్తే చెరువంతా తేలిపోయి ఉంది.

గూడూరు_ఆక్వా:
అయ్యో. ఆ అలారం దేనితో పెట్టారన్నా? మాది కాల్ చేసే రకం, సిగ్నల్ లేకపోతే పలకదు.

కావలి_కుర్రాడు:
1464 పోయింది, 1465 పోలేదు! 1452 పెట్టగానే బ్యాంకు పేజీ వచ్చేసింది, చాలా థ్యాంక్స్ అన్నా. స్క్రిప్ట్ ఈ రాత్రే రాస్తా. డిస్క్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు, ఇప్పుడే మళ్లీ కరెంటు పోయింది, యూపీఎస్ కుయ్‌మంటోంది.